పెల్విక్ ఫ్లోర్ కండరాలను స్కానింగ్‌లో చూడడం ఎలా: గైనిక్ ఓపీ వాళ్లకు, ఫిజియోలకు

దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం పడిపోతోందని వచ్చే ఆడవాళ్లకు మన దగ్గర దొరికే వైద్యం చాలాసార్లు ఒక్క వాక్యమే: "కెగెల్ ఎక్సర్‌సైజులు చెయ్యమ్మా." అంటే మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలాశయాన్ని కింద నుంచి మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాలను బిగించి వదలడం. బొమ్మలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపిస్తాం. ఆమె ఇంటికెళ్లి ఏం బిగిస్తోందో ఎవరికీ తెలియదు. పొట్ట బిగిస్తోందా, పిరుదులు బిగిస్తోందా, లేక కిందికి ముక్కుతోందా? మూడు నెలలకు తిరిగొచ్చి "ఏం తగ్గలేదు మేడం" అంటే, సరిగ్గా చేసుండదులే అనుకుంటాం.

1991లో అమెరికాలో బంప్ అనే గైనకాలజిస్టు, ఆయన తోటివాళ్లు 47 మంది ఆడవాళ్లకు ఈ వ్యాయామం నోటిమాటగా చెప్పి చేయించి కొలిచారు. సరిగ్గా చేసినవాళ్లు సగం మందే. నాలుగో వంతు మంది చేసిన తీరు మూత్రం పడడాన్ని పెంచేలా ఉంది. అసలు ఈ వ్యాయామానికి పేరిచ్చిన డాక్టర్ కెగెల్ 1948లో తన పద్ధతి రాసినప్పుడు కండరం ఎంత నొక్కుతోందో చూపే పరికరం పెట్టి, ముల్లు కదలడం ఆమె కళ్లకే చూపించి నేర్పాడు. మనం ఆ పరికరాన్ని వదిలేసి, పేరు మాత్రం పట్టుకున్నాం.

ఆ ముల్లు చేసిన పని ఇప్పుడు అల్ట్రాసౌండ్ చేస్తుంది. తిరుపతిలో, చిత్తూరులో స్కానింగ్ యంత్రం లేని వీధి లేదు. కడుపుతో ఉన్నవాళ్లకు, రాళ్లున్నవాళ్లకు పొద్దస్తమానం వాడే, ఒంటికి ఆనించే ముఖం వంపుగా ఉండే ఆ కర్విలీనియర్ ప్రోబ్‌తోనే ఈ పని అవుతుంది. కొత్త యంత్రం కొనక్కర్లేదు. ప్రోబ్ ఎక్కడ ఆనించాలి, ఆమెతో ఏం చేయించాలి, తెర మీద దేన్ని చూడాలి అన్నవి తెలిస్తే చాలు.

మొదట చట్టం సంగతి

ఫిజియోథెరపిస్టులు ఇక్కడ కాస్త ఆగి చదవాలి. బయటి దేశాల వీడియోల్లో ఫిజియోలు తమ క్లినిక్‌లోనే ప్రోబ్ పట్టుకుని చూపిస్తుంటారు. మన దేశంలో 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం ఉంది. రిజిస్టర్ కాని చోట అల్ట్రాసౌండ్ యంత్రం ఉంచకూడదు. చట్టం చెప్పిన అర్హత ఉన్న డాక్టరే స్కాన్ చేయాలి. నేను చూసేది పిండాన్ని కాదు, కండరాన్ని కదా అంటే కుదరదు. చట్టం అడిగేది యంత్రం ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది అనే.

కాబట్టి మన దగ్గర ఇది ఇద్దరి పని. గైనకాలజిస్టో రేడియాలజిస్టో ప్రోబ్ పట్టుకుంటారు, ఫిజియో తల దగ్గర నిలబడి చేయిస్తుంది. నన్నడిగితే ఇది మంచిదే. ప్రోబ్ పట్టుకున్న మనిషి కళ్లు తెర మీద ఉంటాయి, ఆమె ఊపిరి బిగబట్టిందో, తొడలు దగ్గరికి తెచ్చిందో చూడడానికి రెండో మనిషి ఉండాల్సిందే. కడుపుతో ఉన్న మనిషికి స్కాన్ చేస్తే ఆ చట్టం అడిగే ఫారం ఎఫ్ మామూలుగానే నింపాలి.

ఆమెకు ముందు రోజు ఏం చెప్పాలి

మన ఊళ్లలో స్కానింగ్ అంటే లీటరు నీళ్లు తాగి, ఆపుకోలేక మెలికలు తిరుగుతూ వచ్చి కూర్చోవడమే. రిసెప్షన్‌లో అమ్మాయి అలవాటుగా అదే చెబుతుంది. ఈ పరీక్షకు అది చేటు. ఇందులో ఆమెను ముక్కించి ఏది కిందికి జారుతోందో చూస్తాం. నిండిన మూత్రాశయం బరువుగా అడ్డుపడి, జారాల్సిన గర్భసంచిని జారనివ్వదు. ఆమె ముక్కడానికి భయపడుతుంది కూడా. గంట ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగితే చాలని చెప్పించండి. ఆ మాత్రం మూత్రంతో మొదట పొట్ట మీద నుంచి చూసి, తర్వాత టాయిలెట్‌కు పంపి, వచ్చాక కింద నుంచి చూడవచ్చు. మలబద్ధకం ఉన్నవాళ్లయితే పొద్దున విరేచనం అయ్యాక రమ్మనండి. మలాశయం నిండుగా ఉంటే వెనక భాగమంతా నీడ పడి ఏమీ కనిపించదు.

కాన్పు అయిన కొత్తలో తొందరపడొద్దు. కనీసం మూడు నెలలు ఆగితే కండరం తనంతట తాను ఎంత కోలుకుందో తెలుస్తుంది.

అడగాల్సినవి

పడుకోబెట్టే ముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడండి. "మూత్రం పడుతుందా?" అని అడిగితే "అదేం లేదు" అనేస్తారు. అదే "అలిపిరి మెట్లు నడిచి ఎక్కారా ఎప్పుడైనా? దారిలో ఇబ్బంది అయిందా?" అని అడగండి. మూడు వేల అయిదు వందల మెట్లు ఎక్కి దిగిన మనిషి దగ్గర చెప్పడానికి చాలా ఉంటుంది. నీళ్లు తాగకుండా ఎక్కానని ఒకరంటారు. కంపార్ట్‌మెంట్‌లో గంటలు కూర్చోవాల్సి వస్తుందని కొండకు పోవడమే మానేశానని ఇంకొకరు. ఒంటి మీద తడి పడితే గుడికి ఎలా పోతామని దిగులుపడేవాళ్లూ ఉంటారు. పల్లె నుంచి వచ్చినవాళ్లను పాలు పితికేటప్పుడు, గడ్డిమోపు ఎత్తేటప్పుడు ఏమవుతుందో అడగండి.

దగ్గితే పడుతుందా, లేక టాయిలెట్‌కు చేరేలోపే పడిపోతుందా అన్నది విడదీయండి. కింద ఏదో అడ్డం వచ్చినట్టుందా, సాయంత్రానికి ఎక్కువవుతుందా, విరేచనానికి చేత్తో నొక్కాల్సి వస్తుందా అని కూడా. కాన్పులెన్ని, పట్టకారు వేసి లాగారా, గర్భసంచి తీయించుకుందా అన్నవి తప్పక రాసుకోండి. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు మన రాష్ట్రంలో ఎక్కువ. వాళ్లలో కిందికి దిగేది గర్భసంచి కాదు, దాన్ని తీసేసిన చోట యోని పైకొన. అది ముందే తెలియకపోతే తెర మీద లేనిదాన్ని వెతుక్కుంటూ కూర్చుంటారు.

కాన్పు కష్టమై గానీ, ఆపరేషన్ తర్వాత గానీ రాత్రీ పగలూ ఆగకుండా చుక్కలు చుక్కలుగా కారుతోందంటే ఆ దారి వేరు. మూత్రాశయానికి, యోనికి మధ్య రంధ్రం పడిందేమో చూసేవాళ్ల దగ్గరికి పంపండి. మూత్రంలో రక్తం పడుతున్నా ఈ పరీక్షతో కాలక్షేపం చేయొద్దు.

పొట్ట మీద నుంచి చూడడం

బట్టలు విప్పక్కర్లేదు, చీర కుచ్చిళ్లు కాస్త దించితే చాలు. పెళ్లికాని అమ్మాయిలకు, కింద ప్రోబ్ అంటేనే బిగుసుకుపోయేవాళ్లకు, మగ డాక్టర్ ఒక్కరే ఉన్నప్పుడు ఇదే దారి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, పొత్తికడుపు అడుగున ప్యూబిక్ ఎముకకు కాస్త పైన ప్రోబ్‌ను అడ్డంగా పెట్టి, కొసను కాళ్ల వైపు చూసేలా వంచండి. నల్లగా మూత్రాశయం, దాని అడుగున తెల్లటి గీత కనిపిస్తాయి. బిగించమంటే ఆ గీత మధ్యలో పైకి లేవాలి. కిందికి దిగితే ఆమె ముక్కుతోందన్నమాట.

దీనికి మించి దీన్ని నమ్మొద్దు. పక్కన ఎముక ఏదీ కనిపించదు కాబట్టి ఎక్కడి నుంచి ఎంత కదిలిందో కొలవడానికి స్థిరమైన గుర్తు లేదు. ఆమె పొట్ట బిగిస్తే ప్రోబే కదిలిపోయి, గీత దిగినట్టు కనిపిస్తుంది. లావుగా ఉన్నవాళ్లలో బొమ్మ మసక. లేస్తోందా దిగుతోందా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు తీసుకుని, టాయిలెట్‌కు పంపి, అసలు పరీక్షకు రండి.

కింద నుంచి చూడడం

అత్తగారిని, భర్తను బయట కూర్చోబెట్టండి. డాక్టర్ మగవాడైతే సిస్టర్ గదిలో ఉండాలి, తలుపు గడియ పడాలి. "లోపల పెట్టేది ఏమీ లేదక్కా, పైన ఆనించేదే, నొప్పుండదు" అని ముందే చెప్పి ప్రోబ్ చూపించండి. లోపలికి పెట్టే పొడుగు ప్రోబ్ గురించి విన్నవాళ్లకు ఈ ఒక్క మాటతో సగం టెన్షన్ పోతుంది. సంతకం సరే, నోటితో ఒప్పుకోవడం కూడా కావాలి. మధ్యలో ఆపమంటే ఆపుతామని చెప్పండి.

ప్రోబ్ మీద జెల్ వేసి, పౌడర్ లేని గ్లవ్ తొడిగి, లోపల గాలి బుడగలు లేకుండా నిమిరి, బయట మళ్లీ జెల్ వేయండి. పౌడర్ గ్లవ్ అయితే తెర మీద చారలు పడతాయి. వెల్లకిలా పడుకుని, మడమలు పిరుదుల దగ్గరికి తెచ్చి, మోకాళ్లు కొంచెం ఎడంగా పెట్టాలి. యోని పెదవులను సున్నితంగా విడదీసి ప్రోబ్‌ను నిలువుగా ఆనించండి. ఎముక ప్రోబ్ ముఖానికి సెంటీమీటరు లోపే కనిపిస్తే ఒత్తిడి సరిపోయినట్టు. అంతకంటే గట్టిగా నొక్కితే, ముక్కినప్పుడు బయటికి రావాల్సిన దాన్ని మీరే లోపలికి తోసి పెడుతున్నారు.

యంత్రం సెట్టింగుల గురించి ఎక్కువ చెప్పేది లేదు. 3.5 నుంచి 6 మెగాహెర్ట్జ్, లోతు 7-8 సెంటీమీటర్లు, కోణం వీలైనంత వెడల్పు.

తెర మీద ఏముంటుంది

ఎముకను ఎడమ వైపు పెట్టుకునే పద్ధతినే ఇక్కడ చెబుతున్నాను. సిడ్నీలో పనిచేసిన డీట్జ్ అనే గైనకాలజిస్టు ఈ పరీక్షను ఇలా ప్రచారం చేశారు. కొందరు కుడిఎడమలు మార్చి చూస్తారు. ఏదైనా ఒకటే పట్టుకోండి, రిపోర్టులో రాయండి.

ఎడమ నుంచి కుడికి (పైన, కింద అన్నవి ఆమె ఒంటి లెక్కన): గుడ్డు ఆకారంలో ప్యూబిక్ సింఫసిస్ (ప్యూబిక్ ఎముకలు ముందు కలిసే చోటు), దాని పక్కనే నల్లటి పట్టీలా మూత్రనాళం, దాని పైన మూత్రాశయం, తర్వాత యోని, గర్భసంచి ముఖం, మలాశయం, మలద్వార నాళం. మలాశయం, మలద్వార నాళం కలిసే మలుపు వెనక తెల్లగా మెరిసే ముద్ద ఒకటి ఉంటుంది. మనం వచ్చింది దానికోసమే. ప్యూబోరెక్టాలిస్ అంటారు. ప్యూబిక్ ఎముక దగ్గర ఒక పక్కన మొదలై, మలాశయం వెనకగా చుట్టి, రెండో పక్క మళ్లీ ఎముకకే వచ్చే కండరం అది, పొలంలో పిట్టలను తోలే వడిసెల తీరులో. దీని మధ్యలో ఉండే ఖాళీనే లెవేటర్ హయేటస్ అంటారు. మూత్రనాళం, యోని, మలాశయం మూడూ ఆ దారినే బయటికి వస్తాయి.

మొదట ఏమీ చేయించకుండా, ఆమె మామూలుగా ఊపిరి తీస్తుండగా ఒక బొమ్మ దాచుకోండి. ఇక్కడే మూత్రం ఎంత మిగిలిందో కొలవొచ్చు. మూత్రాశయం పొడవును, దానికి అడ్డంగా ఉండే కొలతను సెంటీమీటర్లలో గుణించి 5.6తో మళ్లీ గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. 3 గుణించి 2 అయితే సుమారు 34 మిల్లీలీటర్లు. 50 దాటి మిగిలి ఉంటే మళ్లీ ఒకసారి టాయిలెట్‌కు పంపి చూడండి. అప్పుడూ అలాగే ఎక్కువగా మిగిలితే ఆ అంకె రిపోర్టులో మొదటి వరసలో ఉండాలి.

బిగించమనడం

ఇప్పుడు ఫిజియో మాట్లాడాలి. "కింది కండరాలు బిగించండి" అంటే ఏ కండరాలో ఆమెకేం తెలుసు? నేను ఇలా చెబుతాను: "నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి పోకుండా ఆపుకుంటాం కదా, అట్లా వెనక బిగించమ్మా. ఒంటికి వస్తే ఆపుకున్నట్టు ముందు కూడా బిగించు. లోపలికి, పైకి లాగు. ఊపిరి మాత్రం తీసుకుంటూ ఉండు." ఒక చెయ్యి పొట్ట మీద, కన్ను తొడల మీద ఉంచండి. పిరుదులు లేస్తే ఆపి మళ్లీ చెప్పండి.

సరిగ్గా బిగించినప్పుడు తెర మీద తెల్ల ముద్ద ఎముక వైపుకు, ఒంటి లెక్కన పైకి జరుగుతుంది. మధ్యలో దారి ఇరుకవుతుంది. బ్లాడర్ నెక్, అంటే మూత్రాశయం మూత్రనాళంగా మారే చోటు, పైకి ముందుకు కదులుతుంది. ఎముక వెనక అంచు నుంచి తెల్ల ముద్ద ముందు అంచు వరకు గీత గీసి, బిగించక ముందు ఎంత, బిగించాక ఎంత అని చూస్తే తేడా తెలుస్తుంది.

నాలుగు రకాల తప్పులు కనబడతాయి. ఏమీ కదలకపోవడం ఒకటి. కదులుతుంది కానీ రెండు సెకన్లకే వదిలేయడం రెండోది. పొట్ట బిగింపు ఎక్కువై ముద్ద లేచినా బ్లాడర్ నెక్ కిందికే దిగడం మూడోది. నాలుగోది, అన్నింటికన్నా చేటు, మొత్తం కిందికి తోసేయడం. ఈ నాలుగో మనిషి చేతిలో వ్యాయామాల కాగితం పెట్టి పంపితే, మీరే ఆమెకు రోజుకు మూడుసార్లు జారుడు (లోపలి అవయవాలు కిందికి దిగడం) పెంచుకునే పని అప్పజెప్పినట్టు.

అయిదో రకం మనిషి కూడా ఉంటుంది. ఆమె ఫిర్యాదు కలయికలో నొప్పి, మూత్రం ధారగా రాకపోవడం. తెర మీద దారి ముందే ఇరుకుగా ఉంటుంది, బిగించమంటే ఇంకా బిగియడానికి చోటు లేదు. కదలిక తక్కువుందని బలహీనత అని రాసేస్తే తప్పు. బిగించాక వదులుతుందా లేదా చూడండి. ఆమెకు నేర్పాల్సింది వదలడం. కెగెల్ ఇవ్వకూడదు.

స్కానింగ్ బలాన్ని చెప్పదని గుర్తుంచుకోండి. కండరం ఎంత లేచింది, రెండు పక్కలా సమానమా, ఎప్పుడు బిగిసింది అన్నవి చెబుతుంది. ఎంత గట్టిగా పట్టుకుంటుందో వేలితోనే తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్ స్కేల్‌లో 0 నుంచి 5 వరకు వేసే మార్కును స్కానింగ్ మార్చలేదు.

ముక్కమనడం

పరీక్ష చెడేది ఎక్కువగా ఇక్కడే. కాన్పు గదిలో తప్ప జీవితమంతా ఆపుకోవడమే నేర్చుకున్న మనిషిని, ముక్కూ ముఖం తెలియని వాళ్ల ముందు కాళ్లు మడిచి పడుకోబెట్టి ముక్కమంటున్నాం. మూత్రం పడుతుందేమో, గాలి పోతుందేమో అని ముక్కుతూనే కింద బిగిస్తుంది. ముఖం ఎర్రబడుతుంది, పొట్ట గట్టిపడుతుంది. తెర మీద మాత్రం దారి తెరుచుకోవడానికి బదులు ఇరుకవుతుంది. ఏమీ జారలేదు, నార్మల్ అని రాసి పంపిస్తాం. ఆమె ఇంటికెళ్లి బండ మీద కూర్చుని బట్టలు ఉతికితే గర్భసంచి బయటికొస్తుంది.

దీనికి మందు పరికరంలో లేదు. కింద గుడ్డ వేసి, దాన్ని ఆమెకు చూపించి, "పడితే పడనీమ్మా, గాలి పోతే పోనీ, అందుకే కదా చూస్తున్నాం" అని చెప్పండి. పెద్దవాళ్లయితే "కాన్పప్పుడు ముక్కినట్టు ముక్కవ్వా" అంటే వెంటనే పట్టుకుంటారు. అయినా బిగుస్తుంటే తెర ఆమె వైపు తిప్పి, "ఈ తెల్లది ఇటు జరిగితే బిగించినట్టు, అటు జరగాలి" అని చూపించండి. రెండు మూడు సార్లకు చాలామందికి వస్తుంది.

కనీసం ఆరు సెకన్లు ముక్కాలి. మూడుసార్లు చేయించి, ఎక్కువ జారినదాన్నే లెక్కలోకి తీసుకోండి. ముక్కుతుంటే ప్రోబ్‌ను ఒంటితో పాటు వెనక్కి రానివ్వండి, ఎదురు నొక్కొద్దు. పడుకున్నప్పుడు ఏమీ కనబడక, ఆమె మాత్రం సాయంత్రమైతే బయటికొస్తుందని గట్టిగా చెబుతుంటే, నిలబెట్టి చూడండి. ఆమె మాటే నిజమని చాలాసార్లు తేలుతుంది.

కొలతలకు గుర్తు ప్యూబిక్ ఎముక కింది వెనక అంచు. అక్కడి నుంచి అడ్డంగా ఒక గీత. మామూలుగా ఉన్నప్పుడు, ముక్కినప్పుడు ఈ గీతకు బ్లాడర్ నెక్ ఎంత దూరంలో ఉందో చూసి తీసివేస్తే అది ఎంత దిగిందో వస్తుంది. 2.5 సెంటీమీటర్లు, అంతకు మించి దిగితే దగ్గినప్పుడు మూత్రం పడే ఫిర్యాదుకు అది సరిపోతుంది. మూత్రాశయం గీతకు 1 సెంటీమీటరు కిందికి, మలాశయం 1.5 సెంటీమీటర్ల కిందికి వస్తే జారుడు లెక్కలోకి వస్తుంది. గర్భసంచి విషయంలో అంతదాకా ఆగరు. గీతకు 1.5 సెంటీమీటర్ల పైన ఉండగానే లెక్క. ఈ అంకెలు ఎక్కువగా ఆస్ట్రేలియా ఆడవాళ్లను చూసి తేల్చినవి. 2.4 వచ్చింది కాబట్టి రోగం లేదని, 2.6 వచ్చింది కాబట్టి ఆపరేషన్ అని తీర్పు ఇవ్వడానికి కాదు. ఫిర్యాదు లేని మనిషికి అంకె చెప్పి భయపెట్టొద్దు.

ఆఖరున ఒకసారి దగ్గించండి. దగ్గుకు ముందే తెల్ల ముద్ద లేచిందా, దగ్గాక లేచిందా, అసలు లేవలేదా? ఇది కొలత కాదు, కంటితో పట్టుకునేది. దగ్గే ముందు బిగించి ఆ తర్వాత దగ్గడం నేర్పితే కొందరికి వారం రోజుల్లోనే మూత్రం పడడం తగ్గుతుంది. దీన్ని బయట నాక్ అంటారు, 1998లోనే పరీక్షించి చూపించారు. కండరం పెరగడానికి నెలలు పడుతుంది గానీ, ఇది అలవాటు మాత్రమే.

3డి ఉంటే

గర్భిణులకు పాప ముఖం చూపించడానికి పెట్టుకున్న 3డి ప్రోబ్ ఈ పనికి బాగా పనికొస్తుంది. హయేటస్‌ను పై నుంచి చూసినట్టు అడ్డంగా చూడవచ్చు. ముక్కినప్పుడు దాని వైశాల్యం 25 చదరపు సెంటీమీటర్లు దాటితే బాగా సాగినట్టు, 40 దాటితే తీవ్రం.

అంతకన్నా విలువైనది, కాన్పులో ఈ కండరం ఎముక నుంచి ఊడిపోయిందా అన్నది. పట్టకారుతో కాన్పు అయినవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. కండరం బిగించి ఉండగా 3డి బొమ్మ తీసి, దాన్ని 2.5 మిల్లీమీటర్ల పొరలుగా చూడాలి. మధ్య మూడు పొరల్లోనూ కండరం ఎముకకు అతుక్కుని లేకపోతే పూర్తిగా ఊడినట్టు. మూత్రనాళం మధ్య నుంచి కండరం వరకు దూరం 2.5 సెంటీమీటర్లు దాటినా అదే అనుమానం. రెండు పక్కలూ పోల్చండి. ఒక పక్కే ఊడితే తేడా వెంటనే కంటికి కొడుతుంది. 3డి లేనిచోట వేలితో ఎముక పక్కన తడిమి చూసినా ఖాళీ తెలుస్తుంది.

ఊడిన కండరాన్ని వ్యాయామం అతికించదు. మిగిలిన కండరం బలపడుతుంది కాబట్టి వ్యాయామం ఆపక్కర్లేదు. కానీ ఆమెకు "నువ్వు సరిగ్గా చేయడం లేదు" అని చెప్పడం అన్యాయం. జారుడుకు ఆపరేషన్ చేయబోయే సర్జన్‌కు కూడా ఈ సంగతి ముందే తెలియాలి. ఊడినవాళ్లలో ఆపరేషన్ తర్వాత మళ్లీ జారే అవకాశం ఎక్కువ.

తెరనే అద్దంగా వాడడం

కొలతలు అయ్యాక ప్రోబ్ తీసేయకండి. ఆ తర్వాతి పది నిమిషాలే చికిత్స. తెర ఆమె వైపు తిప్పి, బిగించమని, వదలమని, తెల్ల ముద్ద కదలడం తనే చూసుకోమనండి. చదువు రాదని వెనకాడకండి. కండరం ఇంగ్లీషులో కదలదు. కిందికి తోసే మనిషికి బలంగా వద్దు, కొంచెం కదిపితే చాలని చెప్పండి. గట్టిగా చేయాలన్న ఆత్రంలోనే తోస్తారు. ఒకసారి సరైన కదలిక వచ్చిన క్షణంలో "ఇదేనమ్మా, ఇప్పుడు ఎట్లా చేశావో గుర్తుపెట్టుకో" అనండి. తెర తిప్పేసి అదే మళ్లీ చేయించండి. తెర చూడకుండా కూడా వస్తే ఇంటికి పంపవచ్చు.

ఇంటికి ఇచ్చే లెక్క బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ చెప్పినదే: ఒక్కో విడతలో కనీసం 8 బిగింపులు, రోజుకు మూడు విడతలు, మూడు నెలలు. ఆమె ఎంతసేపు పట్టగలదో తెర మీద చూశారు కదా, అక్కడి నుంచి మొదలుపెట్టండి. మూడు సెకన్లే పట్టగలిగే మనిషికి పది సెకన్లు అని రాస్తే ఆమె మళ్లీ పొట్టతో, పిరుదులతో మిగిలిన ఏడు సెకన్లు నడిపిస్తుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయమని చెప్పొద్దు.

రిపోర్టులో రాయాల్సినవి

"పెల్విక్ ఫ్లోర్ వీక్" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. పడుకుని చేశారా, నిలబడి చేశారా, మూత్రాశయంలో ఎంత మిగిలింది, ముక్కడం సరిగ్గా కుదిరిందా, బిగించినప్పుడు ఏది ఎటు కదిలింది, ఎన్ని సెకన్లు పట్టింది, పూర్తిగా వదిలిందా, దగ్గుకు ముందు బిగిసిందా, ముక్కినప్పుడు ఏది గీత నుంచి ఎంత దిగింది, 3డి చేస్తే రెండు పక్కలా కండరం ఎముకకు ఉందా, ఇవి రాయండి. ముక్కడం కుదరకపోతే "కుదరలేదు" అనే రాయండి, నార్మల్ అని కాదు. పాత ఆపరేషన్‌లో మెష్ (వలలాంటి) పట్టీ వేసి ఉంటే అది తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది, ఎక్కడుందో రాయండి. రేపు ఆమె తిరుపతిలో రుయా ఆసుపత్రికి పోయినా, స్విమ్స్ ఆసుపత్రికి పోయినా, చిత్తూరు నుంచి రాయవేలూరు బస్సెక్కినా ఆ కాగితమే వెంట వెళ్తుంది.

ప్రోబ్ మీది కవర్ తీసి పారేసి, జెల్ పూర్తిగా తుడిచి, ప్రోబ్ తయారీదారు చెప్పిన క్రిమినాశినితో శుభ్రం చేశాకే తర్వాతి మనిషిని పిలవండి. కవర్ ఉంది కదా అని ఇది మానొద్దు.

మూడు నెలలకు మళ్లీ చూసేటప్పుడు అదే భంగిమ, అంతే ఖాళీ మూత్రాశయం, అవే మాటలు ఉండాలి, లేకపోతే పోల్చలేరు. కదలిక మెరుగైంది, మూత్రం పడడం మాత్రం తగ్గలేదంటే ఇంకో మూడు నెలలు అదే చేయించడం కంటే గైనకాలజిస్టుతో కూర్చుని యోనిలో పెట్టే రింగ్ పెసరీ గురించో, ఆపరేషన్ గురించో ఆమెతో మాట్లాడించండి.